కుడి పక్క కొత్త బండి

పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ కారు నడపొచ్చా లేదా అన్నది తేల్చగలిగినవాడు ఆ మనిషి ఒక్కడేనని నేను గట్టిగా నమ్మాను. డాక్టరు మందులు రాస్తాడు, ఫిజియోథెరపిస్టు కాలు సాగదీస్తాడు, ఆర్టీవో ఆఫీసువాళ్లు కాగితాలు చూస్తారు. బండి నా మాట వింటోందో లేదో స్టీరింగు పట్టుకున్న నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? విద్యుత్ శాఖలో డీఈగా రిటైరయ్యాను. లైను ఎక్కడ తెగిందో, లోడు ఎటు పోతోందో వెతకడంలోనే నా తల నెరిసింది. అలాంటివాణ్ణి, నా ఒంట్లో ఏం పోయిందో కనుక్కోలేనా?

కనుక్కోలేకపోయాను. పైగా కనుక్కున్నానని ఊరంతా చెప్పుకున్నాను.

గడ్డ అడ్డుపడింది నా మెదడులో కుడివైపు. అక్కడ అడ్డుపడితే ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోతాయి. కాఫీ తాగుతుంటే మూతి వంకర పోయిందని మా ఆవిడ గమనించింది గనక సరిపోయింది. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలట, పడింది. ఇందులో నా ప్రజ్ఞ ఏమీ లేదు. "ఏమీ కాలేదు, కాఫీ వేడిగా ఉంది" అని అన్నది మాత్రం నేనే.

కుడి చెయ్యి పడిపోయినవాళ్లకు చాలామందిలో మాట కూడా దెబ్బతింటుంది, ఎందుకంటే మాటను నడిపే భాగం సాధారణంగా మెదడు ఎడమవైపు ఉంటుంది. వాళ్లని చూడగానే లోపం తెలిసిపోతుంది, కారు తాళాలు ఎవరూ చేతికివ్వరు. నాకు మాట ఒక్క పొల్లు కూడా పోలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు నా స్ట్రోకు గురించి నేనే ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. "మెదడుకేమీ కాలేదు, అదృష్టవంతులండీ" అనేవాళ్లు. మెదడుకు కాకపోతే మరి దేనికైందని వాళ్లూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

కాలు త్వరగానే కోలుకుంది. చెయ్యి కొంచెం మొండికేసింది, పట్టు చాలేది కాదు. అప్పుడు నేను వేసిన లెక్క ఇది. మన బండ్లలో క్లచ్చి ఎడమకాలి కింద ఉంటుంది, గేరు ఎడమచేతి పక్కన ఉంటుంది. ఆ రెండూ లేని బండి కొంటే నా ఎడమ భాగానికి ఇక పనే ఉండదు. పాత బండి అమ్మేసి, సెకండ్‌హ్యాండులో ఆటోమేటిక్ కారు కొన్నాను. ఒంటిచేత్తో తిప్పడానికి స్టీరింగుకి ఒక నాబ్ కూడా బిగించాను. మా బావమరిది బండి చుట్టూ తిరిగి చూసి "బుర్రంటే మీది బావగారూ" అన్నాడు. ఆ పూట నా అంత తెలివైనవాడు బెజవాడలో లేడు.

మా అమ్మాయి ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉంటుంది. వీడియోకాల్‌లో కొత్త కారు చూపిస్తే పొగుడుతుందనుకున్నాను. పొగడలేదు. అక్కడ స్ట్రోకు వచ్చినవాళ్లు కనీసం నెల రోజులు కారు ముట్టుకోకూడదట, లారీలూ బస్సులూ నడిపేవాళ్లయితే ఏడాది. నెల తర్వాత కూడా చూపులోనో, కాళ్లూ చేతుల్లోనో, ఆలోచనలోనో లోపం మిగిలితే లైసెన్సులిచ్చే సంస్థకు వాళ్లే చెప్పుకోవాలి. ఎదురుగా చూస్తూ అటూ ఇటూ కలిపి 120 డిగ్రీల మేర కనిపించాలన్న లెక్క కూడా ఉందట. "నాన్నా, నిన్నెవరైనా పరీక్ష చేశారా?" అని అడిగింది. "అది మీ దేశం అమ్మా, ఇక్కడ మన చట్టం వేరు" అన్నాను. అన్నమాట నిజమే. పక్షవాతం తర్వాత ఇన్నాళ్లు ఆగాలన్న నిబంధన మన దగ్గర లేదు. లేకపోవడాన్ని నేను అనుమతి కింద రాసుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే లైసెన్సు రెన్యువల్ వచ్చింది. 55 దాటినవాడికి అయిదేళ్లకోసారి తప్పదు. 40 దాటినవాళ్లు ఫారం 1ఎ అనే మెడికల్ సర్టిఫికెట్ కూడా జతచెయ్యాలి. డాక్టరు నా ముఖం చూశాడు, బీపీ చూశాడు, సంతకం పెట్టాడు. ఆయన్ని అని లాభం లేదు. లోపలికి నడిచి వచ్చాను, గలగలా మాట్లాడాను, కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను. ఇక నా అంతట నేను నింపాల్సిన ఫారం 1 ఉంది. టెండరు షరతులు చదివినట్టు చదివాను. మూర్ఛ ఉందా, లేదు. రేచీకటి ఉందా, లేదు. పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా? బ్రహ్మాండంగా. ఆ ప్లేటు నాకు ఎదురుగా ఉంటుంది గనక. ఎడమ పక్కన ఎవరున్నారో చెప్పగలరా అని ఏ ఫారమూ అడగలేదు. జనానికి ప్రమాదం కలిగించే జబ్బుగానీ వైకల్యంగానీ ఇంకేదైనా ఉందా అన్నచోట కూడా "లేదు" అనే రాశాను. అబద్ధమాడానని ఎవరైనా అంటే ఒప్పుకోను. అబద్ధమాడటానికి ముందు నిజం తెలిసి ఉండాలి.

1988 మోటారు వాహనాల చట్టంలో 16వ సెక్షను ఒకటుంది. జబ్బువల్లో వైకల్యంవల్లో ఫలానా మనిషి బండి నడపడానికి తగడని నమ్మడానికి తగిన కారణం ఉంటే అతని లైసెన్సును ఎప్పుడైనా రద్దు చెయ్యొచ్చు. సెక్షను బాగానే ఉంది. ఆ కారణం ఆఫీసుకు ఎవరు చెప్పాలి? నేనే. నాకెవరు చెప్పాలి?

చెప్పేవి ఇంట్లో చాలానే ఉన్నాయి, నేనే వినలేదు. కంచంలో పచ్చడి వెయ్యలేదేమని మా ఆవిడ మీద విసుక్కునేవాణ్ణి. అది ఎడమ అంచున వేసిందివేసినట్టే ఉండేది. కంచం చేత్తో ఇటు తిప్పి పెట్టేది, అప్పుడు కనిపించేది. "ముందే వెయ్యొచ్చుగా" అనేవాణ్ణి. గడ్డం గీసుకుంటే ఎడమ బుగ్గ గరుకుగా మిగిలిపోయేది. చెయ్యి ఆడక అలా అయిందని ఆవిడ సర్దిచెప్పుకుంది, నేనూ అదే చెప్పుకున్నాను. వంటింటి గుమ్మానికి ఎడమ భుజం తగిలిందంటే వడ్రంగి గుమ్మం ఇరుకుగా పెట్టాడన్నాను. ముప్పై ఏళ్ల కిందట పెట్టిన గుమ్మం అది. అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది పేపరు సంగతి. హెడ్డింగుల్లో మొదటి మాట నాకు చేరేది కాదు. "రైతులకు పరిహారం చెల్లింపు" అని వేస్తే "పరిహారం చెల్లింపు" అని చదివేవాణ్ణి. ఎవరికి చెల్లించారో రాయకుండా వార్త వేసే కాలం వచ్చిందని ఎడిటరుకు ఉత్తరం రాశాను. వాళ్లు అచ్చు వెయ్యలేదు. వాళ్ల దయ.

ఇక రోడ్డు మీద సంగతి. ఆటోలు ఆకాశంలోంచి ఊడిపడేవి. స్కూటర్లు భూమిలోంచి మొలిచేవి. ఒకసారి సందులో ఆగి ఉన్న తోపుడుబండి నా ఎడమ అద్దాన్ని విరగ్గొట్టింది. నేను చెప్పిన మాటే రాస్తున్నాను, ఆగి ఉన్న బండే విరగ్గొట్టింది. మా ఆవిడ నా పక్కన ఎడమ సీట్లో కూర్చుని దారిపొడుగునా "ఆటో అండీ, ఆటో... ఆ అమ్మాయిని చూడండి... అదిగో బర్రె" అంటూ ఉండేది. నాకు డ్రైవింగు నేర్పుతున్నావా అని కసిరేవాణ్ణి. ముప్పై అయిదేళ్లు నా పక్కన నోరెత్తకుండా కూర్చున్న మనిషి ఒక్కసారిగా ఎందుకు నోరెత్తిందో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. బండికి అద్దం పోయినా ఆవిడ నోరే నాకు అద్దమై నడిపించింది.

ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు టింకరింగు కోసం తీసుకెళ్లాను. చేతికి గ్రీజు అంటిన కుర్రాడు బండి చుట్టూ నింపాదిగా తిరిగాడు. "సార్, కుడి పక్క ఇప్పుడే షోరూంలోంచి దిగిన కొత్త బండిలా ఉంది. ఉన్నవన్నీ ఎడమ పక్కే" అన్నాడు. బెజవాడ ట్రాఫిక్కు మీద నేను లెక్చరు మొదలెట్టాను, మన ఊళ్లో ఓవర్‌టేకు చేసేదంతా ఎడమవైపు నుంచే కదయ్యా అని. వాడు శ్రద్ధగా విన్నాడు. "ఆ ట్రాఫిక్కు అందరికీ ఉంది కదా సార్. మిగతా బండ్లకి సొట్టలు రెండు పక్కలా ఉంటాయి" అన్నాడు.

నా రోగం తేలిపోయింది అక్కడే, ఆ రేకుల షెడ్డులో. డబ్బులిచ్చాను, రిపోర్టు మాత్రం తీసుకోకుండా వచ్చేశాను.

ఇందులో నవ్వడానికి వీల్లేని భాగం ఒకటుంది. మా ఆవిడ పుట్టింట్లో పెళ్లికి ముందుగా వెళ్లింది, నేను ఒక్కణ్ణే బండి తీశాను. ఏలూరు రోడ్డు మీంచి ఎడమ సందులోకి తిప్పాను. ఏదో కింద నలిగిన చప్పుడైంది. దిగి చూస్తే స్కూలు టై కట్టుకున్న పిల్లాడు రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. వాడి సైకిలు ముందు చక్రం నా బంపరు కింద వంగిపోయింది. మోకాలు చీరుకుంది, మోచెయ్యి చీరుకుంది, అంతకుమించి ఏమీ కాలేదు. అలా కాకుండా ఉండటంలో కూడా నా గొప్పేమీ లేదు. ఆ పిల్లాణ్ణి నేనన్న మొదటి మాట, "ఎక్కణ్ణించి ఊడిపడ్డావురా?" వాడు ఏడవలేదు. "మీ పక్కనే వస్తున్నాను తాతగారూ. సిగ్నలు దగ్గర్నుంచీ మీ పక్కనే ఉన్నాను" అన్నాడు.

కట్టు కట్టించాను, సైకిలు బాగుచేయించాను. వాళ్ల నాన్న వచ్చి నా వయసు చూసి ఏమీ అనలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, వ్యవహారం తేలికైపోయేది. ఆ రాత్రి ఫోనులో మా ఆవిడతో "ఎవరో పిల్లాడు అడ్డమొచ్చాడు" అనే చెప్పాను. ఇప్పుడు ఇదంతా రాస్తున్నా, నాకు గుచ్చుకునేది ఆ ఒక్క మాట. దెబ్బ తగిలాక కూడా కథ మార్చలేదు నేను.

మా బావమరిది ద్వారా సంగతి లెస్టర్ దాకా వెళ్లింది. మా అమ్మాయి అక్కడ కూర్చునే ఇక్కడ ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గర అపాయింట్‌మెంటు తీసింది. వెళ్లి సర్టిఫికెట్ తెచ్చి అందరి నోళ్లూ మూయిద్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

ఆ అమ్మాయి వయసు నా కూతురంత కూడా ఉండదు. కాగితం మీద అడ్డంగా గీసిన గీత చూపించి, మధ్యలో గుర్తు పెట్టమంది. స్కేలు అక్కర్లేదన్నాను. నేను పెట్టిన మధ్య కుడి చివరకి దగ్గరగా ఉంది. గడియారం గియ్యమంటే గుండ్రంగా గీసి, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలన్నీ కుడి సగంలోనే ఇరికించి, తృప్తిగా పెన్ను కింద పెట్టాను. మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని "ఇటు పక్క ఎవరూ లేరేమిటండీ" అంది. నేను వంగి చూశాను. నిజం చెబుతున్నాను, నాకు ఆ గడియారంలో తప్పేమీ కనిపించలేదు.

తర్వాత నా ఎదురుగా కూర్చుని రెండు చేతులూ బార్లా చాపింది. తన ముక్కు వైపే చూస్తుండమని వేళ్లు కదిపింది. ఎడమ వేలు ఒక్కటే కదిపితే ఎడమ అన్నాను, కుడిది ఒక్కటే కదిపితే కుడి అన్నాను. రెండూ ఒకేసారి కదిపినప్పుడు కూడా కుడి అనే అన్నాను. ప్రతిసారీ అంతే. అంటే నా కళ్లకు లోపం లేదు. స్ట్రోకులో చూపు సగం పోయేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లకు ఆ పక్క అసలే కనిపించదు. నాకు కనిపిస్తుంది, కాని కుడివైపు ఇంకేదైనా కదిలితే ఎడమది లెక్కలోకి రాదు. ఖాళీ రోడ్డు మీద పొద్దున్నే నడిపి "చూశారా, ఎంత బాగా నడిపానో" అన్నది అందుకే. రెండు పక్కలా ఏదో ఒకటి కదలని రోడ్డు మన దేశంలో ఎక్కడుంది?

అప్పటికీ నేను వాదించాను. కాగితం మీద గీతలకూ డ్రైవింగుకూ సంబంధమేమిటన్నాను. ఆమె అది కొట్టిపారెయ్యలేదు. నాటింగ్‌హామ్‌లో నూరీ, లింకన్ అనే ఇద్దరు 1990ల్లో స్ట్రోకు వచ్చిన డ్రైవర్ల కోసమే పరీక్షలు తయారుచేశారట. చుక్కల గుంపుల్లోంచి కావలసినవి ఏరి కొట్టెయ్యడం, లారీ ఒక దిక్కుకీ కారు ఒక దిక్కుకీ వెళ్లే కార్డులు గళ్లలో సరిగ్గా అమర్చడం, రోడ్డు గుర్తులు బొమ్మలకు జతచెయ్యడం. అయినా కాగితం పరీక్ష దారి చూపిస్తుందేగాని తుది మాట రోడ్డు మీదే తేలాలని ఆమే ఒప్పుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అంతకుముందు ఒక చిన్న పని. కళ్లు మూసుకోండి సార్. ఏలూరు రోడ్డు వైపు నుంచి బీసెంట్ రోడ్డులోకి వచ్చారు. నడుస్తూ వరసగా షాపులు చెప్పండి" అంది. నలభై ఏళ్లుగా తిరిగిన వీధి. గాజుల కొట్టు, చెప్పుల కొట్టు, బట్టల షాపు, ఫలానా జ్యూసు సెంటరు అని గడగడా చెప్పాను. ఆమె రాసుకుంది. "ఇప్పుడు బందరు రోడ్డు చివర నిలబడి వెనక్కి రండి" అంది. మళ్లీ గడగడా చెప్పాను. ఆమె రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టింది. ఒక్క పేరు కలవలేదు. వెళ్లేటప్పుడు కుడివైపువే చెప్పాను. వచ్చేటప్పుడూ కుడివైపువే, అంటే ఇందాక వదిలేసిన వరస.

"ఇవి ముందే ఎందుకు చెప్పలేదు సార్?"

"మర్చిపోయి ఉంటానమ్మా."

"మర్చిపోతే ఇప్పుడెలా గుర్తొచ్చాయి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ సూపరింటెండింగ్ ఇంజనీరూ నన్ను అలా నోరు మూయించలేదు. 1978లో ఇటలీలో బిసియాక్, లుజాటి అనేవాళ్లు మిలాన్ నగరం నడిబొడ్డున పెద్ద చర్చి ఉన్న చౌకును ఊహించుకోమని ఇలాగే అడిగారట. చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహిస్తే రోగులు ఒక వరస భవనాలు వదిలేశారు, చర్చి మెట్ల మీంచి చూస్తున్నట్టు ఊహిస్తే రెండో వరస వదిలేశారు. అంటే పోయింది జ్ఞాపకం కాదు, చూపూ కాదు. కళ్లు మూసుకున్నా నా ప్రపంచానికి ఎడమ పక్క లేదు.

ఆ తర్వాత దొరికినవల్లా చదివాను. తనకు పక్షవాతం వచ్చిన సంగతి రోగికే తెలియకపోవడానికి 1914లో బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి డాక్టరు ఒక పేరే పెట్టాడు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్‌కు 1974 డిసెంబరు 31న స్ట్రోకు వచ్చింది. నాలాగే ఎడమ పక్కే పడిపోయింది. ఆయనేమో పక్షవాతం అంతా కట్టుకథ అని కొట్టిపారేసి, తనతో కొండలెక్కడానికి రమ్మని విలేకరులను పిలిచాడు. 1975 నవంబరులో గాని పదవి వదల్లేదు. అంత పెద్దమనిషి తోడు దొరికినందుకు కాస్త ఊరట కలిగింది. ఇదీ ఒక రకం గర్వమేనని తర్వాత తోచింది. మా సబ్‌స్టేషను భాషలో చెప్పుకుంటే, సప్లై పోయిందని మోగాల్సిన అలారానికి కూడా ఆ పోయిన లైను నుంచే కరెంటిచ్చారు. అలారం మోగలేదు గనక సప్లై ఉందని నేను సంతకం పెట్టాను.

రోడ్డు పరీక్షకు డ్రైవింగు స్కూలు కారు తెప్పించారు, నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉండేది. స్కూలాయన ఎడమ సీట్లో, థెరపిస్టు వెనక సీట్లో కూర్చున్నారు. బెంజి సర్కిల్ దాకా వెళ్లి వచ్చాం. ఎక్కడా ఏమీ తగల్లేదు, దిగాక నేను చెయ్యి కలపడానికి చాపాను. నేను బ్రేకు వేసినవాటికంటే ఆయన వేసినవే ఎక్కువని అప్పుడు చెప్పారు. బండి కొంచెం పట్టేస్తున్నట్టుందనీ, సర్వీసింగు చేయించాలనీ దారిలో నేను ఆయనకు సలహా కూడా ఇచ్చి ఉన్నాను.

రిపోర్టులో ప్రస్తుతానికి నడపరాదని రాశారు. చాలామందికి ఈ లోపం కొన్నాళ్లకు తగ్గుతుందట, కొందరికి కొంత మిగిలిపోతుందట, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. తాళాలు బావమరిది దగ్గరున్నాయి. మా ఆవిడ ఎల్ఎల్ఆర్ తీసుకుంది, అదే స్కూలాయన దగ్గర అదే ఆటోమేటిక్ కారు మీద నేర్చుకుంటోంది. నన్ను వెనక సీట్లోంచి మాట్లాడొద్దన్నారు. ఇక నాకేమో పేపరు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, ఆ ఎరుపు కంటపడేదాకా తల తిప్పి, అక్కణ్ణించి చదవడం మొదలెట్టమన్నారు. రైతులకే పరిహారం ఇచ్చారని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంత జరిగాక బుద్ధి వచ్చిందనుకుంటారేమో. రెండో పరీక్షకు ముందు నేను ఇంట్లో రహస్యంగా గడియారాలు గీశాను. పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది ముందు పెట్టేసి మధ్యవి నింపుకుంటే తప్పుపోదని పద్ధతి కనిపెట్టాను. బీసెంట్ రోడ్డు షాపులు రెండు వరసలూ ఎక్కంలా బట్టీపట్టాను. గీతను ఎక్కడ కొట్టాలో బెత్తెళ్లతో కొలిచి సాధన చేశాను. వెళ్లి కూర్చున్నాను. ఆమె గడియారం అడగలేదు, గీత అడగలేదు. ఒక టిఫిను హోటలు మెనూ కార్డు నా ముందు పెట్టి, "ఏమేం ఉన్నాయో చదవండి సార్" అంది. మెనూకి ఎర్ర టేపు లేదు మరి. పూరీ, పెసరట్టు, ఉప్మా, గారె, టీ, కాఫీ అని ధరలతో సహా ఠకఠకా చదివేశాను.

"అంతేనా సార్?"

"అంతే. అయినా ఇడ్లీ లేని హోటలేమిటమ్మా, అదీ మన ఊళ్లో" అన్నాను.

మా ఆవిడ పకపకా నవ్వేసింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వాపుకుని మార్చిలో మళ్లీ రమ్మంది.